ఆవిడ చేతికి ఏ తుపాకీ?

అమెరికాలో తుపాకుల దుకాణం కౌంటర్ దగ్గర ఓ శనివారం మధ్యాహ్నం కాసేపు నిలబడితే చాలు, ఈ మాట చెవిన పడుతుంది. "మా ఆవిడకి ఒక గన్ కావాలి. ఆవిడ పెద్దగా కాల్చదు. నేను ఊళ్లో లేనప్పుడు ఇంట్లో ఉంటే ధైర్యంగా ఉంటుందని." అడిగేది భర్త. ఆవిడ చాలాసార్లు అక్కడ ఉండదు. ఉన్నా రెండడుగులు వెనక నిలబడి ఫోన్ చూసుకుంటూ ఉంటుంది. జవాబు కూడా ఏళ్ల తరబడి ఒకటే. అద్దం కింద నుంచి అరచేతిలో ఇమిడే చిన్న రివాల్వర్ ఒకటి తీసి భర్త చేతిలో పెడతారు. "తేలిక. చిన్నది. ట్రిగ్గర్ లాగితే పేలుతుంది, అంతే. ఆడవాళ్లకి ఇదే మంచిది."

పదకొండేళ్ల కిందట డాలస్ శివార్లలో అలాంటి కౌంటర్ ముందు నిలబడ్డ భర్తల్లో నేనూ ఒకణ్ని. అప్పటికి మాకు పౌరసత్వం వచ్చి ఏడాది దాటింది. నా ఉద్యోగం నెలకు పది రోజులు ఊళ్లు తిప్పేది. గ్యాస్ స్టేషన్లలో, చిన్న దుకాణాల్లో పనిచేస్తూ తూటాలకు బలైన మన పిల్లల వార్తలు వచ్చినప్పుడల్లా ఇంట్లో రెండు రోజులు ఎవరికీ అన్నం సయించేది కాదు. అందుకని ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ అయిదు తూటాలు పట్టే అల్యూమినియం రివాల్వర్ కొనుక్కొచ్చాను. మర్నాడు మా ఆవిడను కాల్పుల సాధన చేసే రేంజ్‌కి తీసుకెళ్లాను. మొదటి తూటాకే ఆవిడ మోచేతులు పైకి లేచాయి. మూడోదానికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తోలు లేచిపోయి నెత్తురు చిమ్మింది. అయిదూ పూర్తి చేసింది, మధ్యలో మానే మనిషి కాదు. ఏడు గజాల దూరంలో ఉన్న కాగితం మీద చూస్తే ఒక్కటే చిల్లు, అదీ అంచున. తుపాకీని గొట్టం మూతి అవతలికి ఉండేలా బల్ల మీద పెట్టి, చేతిని చున్నీతో ఒత్తుకుంటూ అంది: "ఏమండీ, ఇది సులువని మీకెవరు చెప్పారు?"

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. అరుదుగా కాల్చే మనిషికి ఎలాంటి చేతి తుపాకీ తగినది, అసలు ఏదైనా తగినదేనా అన్న దాని మీద అమెరికాలో దశాబ్దాలుగా సాగుతున్న చర్చలో గట్టి మాటలేవో, పొల్లు మాటలేవో ఇక్కడ వేరుచేసి పెడుతున్నాను. భార్య గురించే రాస్తున్నాను గానీ, భార్య చక్కగా కాల్చి భర్త తుపాకీ ముట్టని ఇళ్లూ ఉన్నాయి. అక్కడికీ ఇవే మాటలు వర్తిస్తాయి.

ముందు ఆ చిన్న రివాల్వర్ సంగతి. ఈ తరహాకు మూలపురుషుడు స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1950లో తెచ్చిన చీఫ్స్ స్పెషల్. పోలీసు అధిపతుల సమావేశంలో చూపించి, వాళ్లతోనే పేరు పెట్టించారు. అంటే పుట్టడమే పోలీసుల కోసం పుట్టింది. మఫ్టీలో తిరిగే డిటెక్టివ్‌కి కోటు కింద కనబడకుండా ఉండాలి, అదీ దాని పని. అన్నిటికన్నా చిన్నదిగా ఉండటం కోసం మిగతా సుఖాలన్నీ వదులుకున్న ఆయుధం అది. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యే దాని వారసుల్లో ఒకటైన 642 మోడల్ ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 410 గ్రాములు తూగుతుంది. బ్యారెల్ రెండంగుళాల లోపే. గురి చూసే గాడి సన్నగా, లోతు లేకుండా ఉంటుంది. ట్రిగ్గర్‌ని చివరిదాకా లాగడానికి దాదాపు పన్నెండు పౌండ్ల, అంటే అయిదున్నర కిలోల బలం కావాలి. తుపాకీ బరువుకి దాదాపు పదమూడు రెట్లు! ఒక్క చూపుడువేలితో అంత బలం వేసి లాగుతూ, ఆ పాటి బరువున్న వస్తువును వెంట్రుకవాసి కదలకుండా నిలపాలి. ఏళ్లు సాధన చేసిన వాళ్లకే అది కష్టం.

ఇక వెనక్కి తన్నడం. దీనికి పెద్ద లెక్కలక్కర్లేదు. తూటా ముందుకు పోయే ఊపు ఎంతో, తుపాకీ వెనక్కి వచ్చే ఊపూ అంతే. ఊపు మారనప్పుడు తుపాకీ బరువు సగమైతే, చేతిని కొట్టే శక్తి రెండింతలవుతుంది. పాయింట్ 38 స్పెషల్ తూటా మరీ బలమైనదేమీ కాదు, 19వ శతాబ్దం చివర్లో పుట్టిన మామూలు పోలీసు తూటా. కిలో బరువున్న ఉక్కు రివాల్వర్‌లో అదే తూటా చాలా మెత్తగా పేలుతుంది. నాలుగు వందల గ్రాముల దానిలో అరచేతిని చీరేస్తుంది. చిన్నది కాబట్టి చిన్న చేతికి, తేలిక కాబట్టి నాజూకు మనిషికి అన్న లెక్క చెప్పులకు సరిపోతుందేమో గానీ తుపాకీకి తలకిందులు. చిన్న తుపాకీ ఆరితేరిన వాళ్ల తుపాకీ.

ఈ పొరపాటు ఒక్క దుకాణాలదే కాదు, ఒక్క అమెరికాదే కూడా కాదు. స్మిత్ అండ్ వెసన్ 1989లో లేడీస్మిత్ పేరుతో ఆడవాళ్ల కోసమని ప్రత్యేకంగా చిన్న రివాల్వర్లు దించింది. అదే ఏడాది పాక్స్‌టన్ క్విగ్లీ రాసిన 'ఆర్మ్‌డ్ అండ్ ఫీమేల్' పుస్తకం వచ్చింది. ఆడవాళ్లూ కొనుగోలుదారులేనని మార్కెట్ గుర్తించిన కాలం అది. మన దేశంలో 2012 డిసెంబర్ ఢిల్లీ ఘోరం తర్వాత, 2014 జనవరిలో కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' అనే పాయింట్ 32 రివాల్వర్‌ని మహిళల కోసమని విడుదల చేసింది. టైటానియం మిశ్రమంతో చేసింది, బరువు సుమారు 500 గ్రాములు, ధర లక్షా 22 వేల రూపాయలు. హ్యాండ్‌బ్యాగ్‌లో పడుతుందన్నదే దాని గొప్పగా చెప్పారు. లైసెన్సు దొరకడమే గగనమైన దేశంలో, ఆ ధర పెట్టగలిగే ఏ కొద్దిమందికో అది. వాళ్లు కూడా ఎక్కడ సాధన చేయాలో ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్ల భద్రతను బరువుతోనూ సైజుతోనూ కొలవడంలో స్మిత్ అండ్ వెసన్‌కీ కాన్పూర్ కర్మాగారానికీ తేడా కనిపించలేదు నాకు.

అయినా రివాల్వర్‌కి న్యాయం చేయాలి. దాని పక్షాన ఒక గట్టి వాదన ఉంది. ఏడాదికోసారి ముట్టుకునే మనిషికి గుర్తుంచుకోవలసినవి తక్కువ. సిలిండర్ తెరిస్తే లోపల తూటాలు కళ్లకు కనిపిస్తాయి. ఖాళీయా కాదా అన్న అనుమానం ఉండదు. ఒక తూటా తుస్సుమంటే మళ్లీ ట్రిగ్గర్ లాగితే చాలు, తర్వాతది ముందుకొస్తుంది. పిస్టల్‌లో అలా కాదు. పిడిలో ఉండే తూటాల పెట్టె, అంటే మ్యాగజైన్, అడుగున చరిచి, పైనున్న స్లైడ్ లాగి, చెడ్డ తూటాను బయటికి నెట్టాలి. భయంతో చేతులు వణికే వేళ ఆ వరస గుర్తు రావాలంటే వందలసార్లు చేసి ఉండాలి. ఇంకోటి, మణికట్టు వదులుగా పడితే పిస్టల్ తన పని తాను పూర్తి చేయలేక మధ్యలో ఇరుక్కుపోతుంది. రివాల్వర్‌కి ఆ బాధ లేదు. అందుకే బయటికి మోసుకెళ్లే ఉద్దేశం లేక, ఇంట్లో సేఫ్‌లోనే ఉండేదయితే, నాలుగంగుళాల బ్యారెల్ ఉన్న ఉక్కు రివాల్వర్‌ని నేను తీసిపారేయను. అమెరికా పోలీసులు దశాబ్దాల తరబడి నడుముకు కట్టుకున్న మోడల్ 10 లాంటిది, లేదా రూగర్ జీపీ100 లాంటిది, మెత్తటి 38 తూటాలతో. కిలో చొప్పున బరువుంటాయి, తన్నవు. ట్రిగ్గర్ బిగువు మాత్రం వాటికీ తప్పదు. వేలిలో బలం లేనివాళ్లు హ్యామర్‌ని బొటనవేలితో వెనక్కి లాగి కాల్చేద్దామనుకుంటారు. అలా లాగాక ట్రిగ్గర్ ఊదితే పేలేంత తేలికవుతుంది. భయంలో వేలు అక్కడే ఉంటే చెప్పలేని ప్రమాదం.

పిస్టల్ వైపు వస్తే, అరుదుగా కాల్చేవాళ్లకు మొదటి గోడ స్లైడ్. పైనున్న ఆ ఇనుప దిమ్మను వెనక్కి లాగితే గానీ తూటా చాంబర్‌లోకి ఎక్కదు. "నా వల్ల కాదు" అని ఆడవాళ్లు, పెద్దవాళ్లు, కీళ్లనొప్పులున్నవాళ్లు వదిలేసేది ఇక్కడే. ఇందులో సగం యంత్రం తప్పు, సగం నేర్పినవాళ్ల తప్పు.

యంత్రం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. పాయింట్ 380 తూటా 9 ఎంఎం కన్నా బలహీనమైంది. శక్తిలో సగానికి కాస్త పైన. కాబట్టి 380 పిస్టల్ తప్పకుండా సుతిమెత్తగా ఉంటుందనుకుంటారు. వాల్తర్ పీపీకే లాంటి పాత తరహా 380 పిస్టళ్లలో బ్యారెల్ కదలదు, తాళం పడదు. పేలుడు జోరును ఆపేది స్లైడ్ బరువూ, గట్టి స్ప్రింగూ మాత్రమే. అందుకే వాటి స్లైడ్ లాగడం కష్టం, దెబ్బ కూడా చురుగ్గా తగులుతుంది. జేబులో పట్టే రూగర్ ఎల్‌సీపీ, 2008లో వచ్చింది, బరువు 270 గ్రాములు. లోపలి ఏర్పాటు వేరైనా, అంత తేలిక కాబట్టి కరుస్తుంది. 2018లో స్మిత్ అండ్ వెసన్ తెచ్చిన షీల్డ్ ఈజీ 380 ఈ ముడిని బాగా విప్పింది. బ్యారెల్ స్లైడ్‌తో కలిసి తాళం పడి, కాస్త ప్రయాణించి విడిపోతుంది. అందువల్ల స్ప్రింగ్ మెత్తగా ఉన్నా సరిపోతుంది. లోపల దాగిన హ్యామర్ వాడటం వల్ల స్లైడ్ ఇంకా సులువైంది. మ్యాగజైన్‌కి పక్కన చిన్న బొడిపె పెట్టారు, దాన్ని కిందికి నొక్కి పడితే గోళ్లు విరగకుండా తూటాలు నింపొచ్చు. బరువు అర కిలో పైన, ఎనిమిది తూటాలు. రెండేళ్లకు దీని 9 ఎంఎం రూపం వచ్చింది. చేతిలో బలం తక్కువైనవాళ్లకు నేను ముందు చూడమనేది ఈ కుటుంబాన్నే. పిడి వెనక ఉన్న మీటను అరచేయి గట్టిగా నొక్కితేనే పేలుతుంది కాబట్టి, పట్టు సరిగా ఉందో లేదో ముందే చూసుకోవాలి. బెరెట్టా టామ్‌క్యాట్ లాంటి కొన్నిటిలో బ్యారెల్ పైకి లేస్తుంది. స్లైడ్ లాగకుండానే తూటా పెట్టొచ్చు. తెలివైన ఏర్పాటే. కానీ మధ్యలో ఇరుక్కుంటే మళ్లీ స్లైడ్ దగ్గరికే రావాలి.

నేర్పినవాళ్ల తప్పు సంగతి. సినిమాల్లో చూసినట్టు చేతులు చాచి, రెండు వేళ్లతో స్లైడ్ వెనక భాగం గిల్లి లాగమంటారు. రేంజ్‌లో మా ఆవిడకు ఒక పెద్దావిడ, అరవై దాటిన శిక్షకురాలు, రెండు నిమిషాల్లో మార్చి చూపించింది. తుపాకీని పొట్టకు దగ్గరగా తెచ్చుకో, గొట్టం మూతి మాత్రం అవతలికే. ఎడమ అరచేయి మొత్తం స్లైడ్ మీద బోర్లించి గుప్పిట బిగించు. ఇప్పుడు స్లైడ్‌ని లాగకు, కుడిచేత్తో తుపాకీని ముందుకు తోసెయ్. లాగే బలం కన్నా తోసే బలం ఎవరికైనా ఎక్కువే కదా. "పచ్చడి బండ తోసినట్టు తోస్తే వచ్చేసింది" అని మా ఆవిడ ఇంటికొచ్చి వాళ్లమ్మకు ఫోన్‌లో చెప్పింది. అంతకు ముందు మూడు పిస్టళ్లు "నా వల్ల కాదు" అని పక్కన పెట్టిన చెయ్యి అది.

తూటా గురించి జరిగినంత వాదన ఇంకే విషయంలోనూ జరగదు. నిజానికి దీని మీద తేలిపోయిన సంగతులు చాలానే ఉన్నాయి. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. ఆ దెబ్బతో ఎఫ్‌బీఐ ఇంకా బలమైన తూటాల వెంట పడింది, 10 ఎంఎం, తర్వాత పాయింట్ 40. బలం పెరిగిన కొద్దీ తన్ను పెరిగింది, ఏజెంట్ల గురి తగ్గింది. 2010ల నడిమికి మళ్లీ 9 ఎంఎంకే తిరిగొచ్చారు. తూటా తయారీ అప్పటికి బాగా మెరుగైంది కూడా. వృత్తిరీత్యా కాల్చేవాళ్లకే తన్ను తగ్గితే గురి కుదిరిందంటే, ఆరు నెలలకోసారి కాల్చే మనిషికి వేరే చెప్పాలా? అటువైపు చివరన పాయింట్ 22 ఉంది. దాదాపు తన్నదు, చౌక, నేర్చుకోవడానికి దాన్ని మించింది లేదు. కానీ దాని మందు అంచులో ఉంటుంది కాబట్టి తుస్సుమనే తూటాలు మిగతా వాటికన్నా ఎక్కువ. ఎఫ్‌బీఐ కొలమానం ప్రకారం పరీక్ష జెల్‌లో తూటా 12 నుంచి 18 అంగుళాలు దిగాలి. 22 చాలాసార్లు ఆ గీత దాకా రాదు. అయినా నొప్పి లేకుండా అయిదింటికి అయిదూ అనుకున్న చోట పెట్టగలిగే 22, ఒక్కటీ తగలని 38 కన్నా మేలు. నా క్రమం ఇది: పట్టగలిగితే 9 ఎంఎం, చేయి ఒప్పుకోకపోతే 380, అదీ కాకపోతే 22.

సైజు విషయంలో ఇప్పుడు శిక్షకుల మాట దాదాపు ఒక దారికొచ్చింది. మధ్యరకం పిస్టల్. అందరూ చెప్పే ఉదాహరణ 1988లో వచ్చిన గ్లాక్ 19. పదిహేను తూటాలు, ఖాళీ మ్యాగజైన్‌తో 670 గ్రాములు. ట్రిగ్గర్ బిగువు ఆ చిన్న రివాల్వర్‌లో సగం. ఇంతకన్నా చిన్నదే కావాలంటే 2018లో వచ్చిన సిగ్ పి365, సన్నటి పిడి, చిన్న చేతులకు బాగా అతుకుతుంది, కానీ కాస్త ఎక్కువ ఎగురుతుంది. అయితే మోడల్ పేరు కన్నా ముందు చూడవలసింది చేతి కొలత. పిడిని గట్టిగా పట్టుకున్నప్పుడు తుపాకీ ముంజేతికి సూటిగా ఉండాలి, చూపుడువేలి మొదటి కణుపు మెత్త ట్రిగ్గర్ మీద హాయిగా ఆనాలి. వేలు అందక చేతిని పక్కకు తిప్పవలసి వస్తే ఆ తుపాకీ ఎంత పేరున్నదైనా ఆ చేతిది కాదు. గ్లాక్‌లో 2010 నుంచి వచ్చిన తరాల్లో, స్మిత్ అండ్ వెసన్ ఎమ్ అండ్ పి వరసలో పిడి వెనక చెక్కలు మార్చుకునే వీలుంది. చాలా ఇళ్లలో అవి డబ్బాలోనే ఉండిపోతాయి, భర్త చేతికి సరిపోయిన చెక్కే ఆవిడకూ మిగులుతుంది.

ఇదంతా ఒక్క చోటికి వస్తుంది. తుపాకీని ఆవిడే ఎంచుకోవాలి. కేథీ జాక్సన్ 'ది కార్నర్డ్ క్యాట్' పుస్తకంతో ఎందరో ఆడవాళ్లకు మొదటి పాఠం చెప్పిన రచయిత్రి. ఆవిడలాంటి శిక్షకులు ఎన్నాళ్ల నుంచో చెబుతున్నది ఇదే. అమెరికా నగరాల్లో చాలా రేంజ్‌లు తుపాకులు అద్దెకిస్తాయి. మేం ఒక పూట ఆరు పిస్టళ్లు, ఒక పెద్ద రివాల్వర్ అద్దెకు తీసుకున్నాం. నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను, నోరు విప్పకూడదన్నది ముందే చేసుకున్న ఒప్పందం. నేను ఇష్టపడతాననుకున్న రెండింటినీ ఆవిడ పది తూటాల్లో పక్కన పెట్టేసింది. చివరికి నా పిస్టల్ కన్నా పెద్దది ఎంచుకుంది. "బరువుంది. చేతిలో ఉందని తెలుస్తోంది" అంది. కాగితం మీద చిల్లులన్నీ అరచెయ్యంత మేర పడ్డాయి.

ఇక్కడితో ఆపితే అమ్మకందారు పని చేసినట్టవుతుంది. ఏ తుపాకీ అన్న ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంది: అది ఇంట్లో ఉండటం ఆవిడకు రక్షణేనా?

దీని మీద అమెరికాలో ముప్ఫై ఏళ్లుగా పోట్లాట నడుస్తోంది. ఆర్థర్ కెల్లర్మన్ బృందం 1993లో మూడు కౌంటీల హత్యలు పరిశీలించి, తుపాకీ ఉన్న ఇంట్లో హత్య జరిగే అవకాశం 2.7 రెట్లని తేల్చింది. ప్రమాదమున్న వాళ్లే తుపాకీ కొని ఉండొచ్చు కదా అని విమర్శ వచ్చింది. సరైన విమర్శే. అటువైపు గ్యారీ క్లెక్ 1995లో ఏడాదికి 25 లక్షల సార్లు ఆత్మరక్షణకు తుపాకీ వాడుతున్నారన్నాడు. ప్రభుత్వ నేరబాధితుల సర్వే లెక్క వేలల్లోనే ఉంటుంది, లక్షల దరిదాపుల్లోకి రావడమే గొప్ప. చిన్న నమూనా మీద అడిగిన అరుదైన సంగతిని దేశమంతటికీ హెచ్చవేస్తే అంకె ఎంత ఉబ్బుతుందో క్లెక్ విమర్శకులు చూపించారు. ఆ 25 లక్షలు నేను నమ్మను.

నన్ను ఆపి కూర్చోబెట్టింది ఈ పాత పోట్లాట కాదు, స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ స్టడర్ట్ బృందం 2022లో ప్రచురించిన పని. కాలిఫోర్నియాలో తుపాకీ కొనుగోలు రికార్డులున్నాయి. వాటిని ఏళ్ల తరబడి మరణాల రికార్డులతో కలిపి, తమ పేరిట తుపాకీ లేకుండా తుపాకీ ఉన్న మనిషితో కలిసి బతికేవాళ్ల సంగతి చూశారు. అంటే సరిగ్గా మనం మాట్లాడుకుంటున్న మనిషే. తుపాకీ లేని ఇళ్లవాళ్లతో పోలిస్తే వీళ్లు హత్యకు గురయ్యే రేటు రెండు రెట్ల పైన. జీవిత భాగస్వామి చేతిలోనే కాల్పులకు బలయ్యే రేటు ఏడు రెట్లు. అలా పోయినవాళ్లలో 84 శాతం ఆడవాళ్లు. అదే బృందం 2020 అధ్యయనంలో, తుపాకీ ఉన్న ఆడవాళ్లు దానితో ఆత్మహత్య చేసుకునే రేటు, లేని ఆడవాళ్లకన్నా 35 రెట్లని తేలింది. మగవాళ్లలో ఎనిమిది రెట్లు. 2022లో అమెరికాలో తుపాకీతో పోయిన 48 వేల మందికి పైగా మనుషుల్లో సగానికి పైన ఆత్మహత్యలే. బయటి దొంగ కోసం తెచ్చిన వస్తువు లోపలి కష్టానికే ఎక్కువసార్లు పనికొచ్చింది.

ఈ అంకెలు చదివాక నా అభిప్రాయం గట్టిపడింది. ఇంట్లో చెయ్యి చేసుకునే అలవాటుంటే, తాగుడుంటే, ఎవరికైనా దిగులు జబ్బుంటే, ప్రసవం తర్వాత మనసు బాగోలేకపోతే తుపాకీ ఆ గుమ్మం దాటి లోపలికి రాకూడదు. భార్యాభర్తల గొడవల్లో కోర్టు నిషేధం ఉన్నవాళ్లకు తుపాకీ ఉండరాదన్న చట్టాన్ని సుప్రీంకోర్టు 2024 జూన్‌లో రహీమీ కేసులో నిలబెట్టింది. కోర్టు దాకా వెళ్లని ఇళ్లలో ఆ నిర్ణయం మనమే తీసుకోవాలి. మన ఇళ్లలో దిగులును "అదే పోతుందిలే" అని దాచే అలవాటుంది కాబట్టి ఇది ఇంకా గట్టిగా చెబుతున్నాను.

మనవాళ్లకు చట్టం గురించి ఒక హెచ్చరిక. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కొనొచ్చు. చిక్కంతా మధ్యలో ఉంది. భర్త పౌరుడు, ఆవిడ ఇంకా తాత్కాలిక వీసా మీదే ఉందనుకోండి. "నా పేరు మీదే కొన్నాను, అవసరమైతే తను వాడుకుంటుంది" అనడం కుదరదు. సేఫ్ తాళం ఆవిడ చేతిలో ఉండటమే ఆవిడ మెడకు చుట్టుకోవచ్చు. తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయవచ్చు కూడా. అర్హత ఉన్న భార్యకు తుపాకీ బహుమతిగా ఇవ్వడం తప్పు కాదు. అర్హత లేని మనిషి కోసం కొంటూ దుకాణంలో నింపే 4473 ఫారంలో తనకోసమేనని రాయడం నేరం. రాష్ట్రాల తీరు వేరు. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి అర్హులు పర్మిట్ లేకుండానే వెంట తీసుకెళ్లొచ్చు. న్యూయార్క్‌లో ఇంట్లో ఉంచుకోవడానికైనా ఎవరి లైసెన్సు వాళ్లదే. ఒక గంట లాయరుకు డబ్బిచ్చి అడగడం, తుపాకీ కొనడం కన్నా ముందు చేయాల్సిన పని.

ఎక్కడ పెట్టాలన్నది ఏది కొనాలన్నంత పెద్ద ప్రశ్న. 2014 డిసెంబర్ 30న ఐడహో రాష్ట్రం హేడెన్ ఊళ్లో, వాల్‌మార్ట్ షాపింగ్ బండిలో కూర్చున్న రెండేళ్ల పిల్లాడు తల్లి హ్యాండ్‌బ్యాగ్ జిప్ తీశాడు. లోపలి తుపాకీ పేలి తల్లి అక్కడికక్కడే పోయింది. ఆవిడకు తుపాకీ కొత్త కాదు. ఆ బ్యాగ్ కూడా తుపాకీ మోయడానికని ప్రత్యేకంగా కుట్టింది, ఆ క్రిస్మస్‌కి భర్త కానుకగా ఇచ్చింది. ఆ కథ చదివిన రోజు నుంచి మా ఇంట్లో బ్యాగ్ మాట లేదు. ఒంటి మీద ఉండాలి, లేదా తాళంలో ఉండాలి, మూడో చోటు లేదు. పరుపు కింద, బీరువాలో చీరల మధ్య, దేవుడి గదిలో పై అరలో అని చెప్పేవాళ్లను నేను చూశాను. పిల్లలకు ఇంట్లో తెలియని చోటంటూ ఉండదు. మిషిగన్‌లో 2021లో పదిహేనేళ్ల కొడుకు బడిలో నలుగురిని కాల్చి చంపితే, తుపాకీని భద్రంగా పెట్టనందుకు క్రంబ్లీ దంపతులిద్దరికీ 2024లో పదేళ్లకు తక్కువ కాకుండా శిక్ష పడింది. విప్పి శుభ్రం చేయడమూ ఇందులో భాగమే. 2024 నవంబర్‌లో అట్లాంటాలో ఒక హైదరాబాద్ విద్యార్థి తన తుపాకీని తుడుచుకుంటుండగా అది పేలి ప్రాణం పోయింది. గ్లాక్ విప్పాలంటే ముందు ట్రిగ్గర్ లాగాల్సిందే. పి365కి, షీల్డ్ ఈజీకి ఆ అవసరం లేదు. అరుదుగా ముట్టుకునే మనిషికి కొనేటప్పుడు నేను ఈ ఒక్క తేడాను చాలా బరువుగా తూస్తాను.

అన్నట్టు, తుపాకీ కన్నా ముందు తలుపు. అమెరికా ఇళ్లలో గడియ దిగే ఇనుప పట్టీని చాలాసార్లు ముక్కాలంగుళం మరమేకులతో బిగించి వదిలేస్తారు. గట్టిగా తంతే చట్రమే చీలిపోతుంది. మూడంగుళాల మరమేకులు వేస్తే గోడ లోపలి నిలువు చెక్క దాకా దిగుతాయి. ఖర్చు అయిదారు డాలర్లు. మంచి టార్చిలైటు ఇంకొకటి. చీకట్లో కదిలేది దొంగో, నీళ్లకు లేచిన కొడుకో కళ్లతో చూడకుండా ఏ తుపాకీ ఎత్తకూడదు. గదుల మధ్య ఉండేవి జిప్సం అట్టలు, 9 ఎంఎం తూటా రెండు మూడు గోడలు దాటి పిల్లల మంచం దాకా పోతుంది.

ఇక 'అరుదుగా' అన్న మాట. ప్రశ్నలో అసలు బరువంతా దాని మీదే ఉంది. ఏడాదికొకసారి కాల్చే మనిషికి సరిపోయే తుపాకీని ఇంకా ఎవరూ తయారు చేయలేదు. నెలకు ఒక డబ్బా, యాభై తూటాలు, మధ్యలో వారానికి పది నిమిషాలు ఖాళీ తుపాకీతో, తూటాలు వేరే గదిలో పెట్టి, ట్రిగ్గర్ నెమ్మదిగా లాగే సాధన. ఇంత చేయడానికి ఆవిడకు ఇష్టం ఉంటే పైన చెప్పిన ఏ మధ్యరకం పిస్టలైనా సరిపోతుంది. ఇష్టం లేకపోతే బలవంతం చేయకండి. "నాకు వద్దు" అనడం పిరికితనం కాదు. ఆవిడకు పెప్పర్ స్ప్రే, గట్టి తలుపు, లోపల గడియ పడే పడకగది, చేతికందే ఫోన్ ఇవ్వండి. అది తుపాకీ కన్నా తక్కువ రక్షణ అని చెప్పే లెక్క ఏదీ నాకు కనబడలేదు.

మేం ఒక నియమం పెట్టుకున్నాం. వరసగా రెండు నెలలు రేంజ్‌కి వెళ్లకపోతే ఆ పిస్టల్ ఆవిడ మంచం పక్క సేఫ్‌లోంచి తీసి, తూటాలు వేరు చేసి, గరాజ్‌లోని పెద్ద సేఫ్‌లో పెట్టాలి. కొడుకు పదో తరగతి పరీక్షలప్పుడు ఒకసారి, మా అత్తగారి ఆపరేషన్‌కి విజయవాడ వెళ్లినప్పుడు ఒకసారి అలా పెట్టాం. రెండుసార్లూ తనే తీసి పెట్టింది, తిరిగి తెచ్చుకున్నదీ తనే, రేంజ్‌లో యాభై తూటాలు కాల్చి వచ్చాకే. చిన్న సేఫ్ మీటల నంబరు తనకే తెలుసు, నాకు చెప్పలేదు, నేను అడగలేదు. దాని బ్యాటరీ ఏడాదికి రెండుసార్లు మార్చాలి. ఉగాదికి ఒకటి, దీపావళికి ఒకటి అని తనే పెట్టుకుంది. మామిడాకులు కట్టడం అయ్యాక, స్నానానికి ముందు, డ్రాయరులోంచి కొత్త బ్యాటరీ తీసుకుని మేడ మీదికి వెళుతుంది.